ఆరో గ్లాసులో ఏముంది?

ఈ అధ్యాయంలోని ప్రయోగానికి ల్యాబ్ అక్కర్లేదు. ఖమ్మం దాటి, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున ఉన్న ఏ ఆశ్రమ పాఠశాల వరండాలోనైనా చేసుకోవచ్చు. ఒకే సైజు గాజు గ్లాసులు ఆరు, పది మిల్లీలీటర్ల సిరంజి ఒకటి, ఒక తెల్లకాగితం, మందుల షాపులో దొరికే పొటాషియం పర్మాంగనేట్ స్ఫటికాలు చాలు. మన దేశంలో ఎన్నో ఏళ్లపాటు తొమ్మిదో తరగతి పిల్లలు చదివిన ఎన్‌సీఈఆర్‌టీ సైన్సు పుస్తకంలో, మొదటి పాఠంలోనే ఈ ప్రయోగం ఉంది. పదార్థంలోని కణాలు ఎంత చిన్నవో చెప్పడానికి అక్కడ దాన్ని వాడారు. ఇక్కడ మనకు దానితో ఇంకో పని ఉంది.

గ్రాము స్ఫటికాలను తూచి లీటరు నీటిలో వేయండి. వేయగానే కలపొద్దు. ఒక్క నిమిషం ఆగి చూడండి. ఒక్కో స్ఫటికం వెనకాల సన్నటి ఊదారంగు దారం వదులుతూ కిందికి దిగుతుంది. ఆ దారం మెలికలు తిరిగి, అడుగున పొగలా పరుచుకుంటుంది. ఎవరూ కదపకపోయినా రంగు మెల్లగా పైకి పాకుతూనే ఉంటుంది. ఇప్పుడు బాగా కలిపి, అందులోంచి 100 మిల్లీలీటర్లు మొదటి గ్లాసులో పోయండి. మిగతా అయిదు గ్లాసుల్లో 90 మిల్లీలీటర్ల చొప్పున మంచినీళ్లు పోయండి. మొదటి గ్లాసులోంచి సిరంజితో 10 మిల్లీలీటర్లు తీసి రెండోదాంట్లో కలపండి. రెండోదాంట్లోంచి 10 తీసి మూడోదాంట్లో. ఇలా ఆరోదాకా. ప్రతిసారీ సిరంజిని కడగడం మరవొద్దు. ఈ నీళ్లు ఎవరూ తాగకూడదు. చేతికంటితే గోధుమరంగు మచ్చ పడుతుంది, కంగారు పడక్కర్లేదు, కొద్దిరోజుల్లో పోతుంది.

మొదటి గ్లాసు వంకాయ తొక్క రంగులో ఉంటుంది. వెలుగుకెత్తి చూసినా అవతలిది కనబడదు. రెండోది కూడా ముదురే. మూడోదాని వెనక అచ్చు కాగితం పెడితే అక్షరాలు గులాబిరంగులో చదవొస్తాయి. నాలుగోది లేత గులాబి. అయిదో గ్లాసును పక్కనుంచి చూస్తే ఉత్త నీళ్లే. దాన్ని తెల్లకాగితం మీద పెట్టి పైనుంచి చూడండి. ఛాయ ఉందో లేదో అన్నంతగా ఉంటుంది, ఇద్దరు పిల్లలు ఉందంటే ఒకరు లేదంటారు. ఆరోదాంట్లో ఎవరికీ ఏమీ కనబడదు.

నీళ్ల సంగతి ఒకటి చెప్పాలి. చెరువు నీళ్లతోనో పాత బావి నీళ్లతోనో చేస్తే నాలుగు, అయిదు గ్లాసుల్లో గులాబి కాసేపు నిలిచి, తర్వాత పసుపు కలిసిన గోధుమరంగుకు తిరుగుతుంది. కుళ్లిన ఆకు, నాచు లాంటి సేంద్రియ పదార్థంతో పర్మాంగనేట్ చర్య జరిపి తాను మారిపోతుంది కాబట్టి అలా అవుతుంది. ఇది విలీనం కాదు. విలీనంలో ఏదీ మారదు, ఏదీ పోదు. పలచబడుతుంది, అంతే. ఈ తేడా పిల్లల కళ్లముందే తేలాలంటే ఒక వరస వాన నీళ్లతోనూ ఒక వరస చెరువు నీళ్లతోనూ చేయించడం మంచిది.

ఇక లెక్కకు వద్దాం. మొదటి గ్లాసులో బరువు లెక్కన వెయ్యి వంతుల నీటిలో ఒక వంతు పర్మాంగనేట్ ఉంది. రెండోదాంట్లో పదివేలలో ఒక వంతు. మూడోది లక్షలో, నాలుగోది పది లక్షల్లో, అయిదోది కోటిలో, ఆరోది పది కోట్లలో ఒక వంతు. నాలుగో గ్లాసు దగ్గర ఉన్న కొలతనే, పది లక్షల్లో ఒక వంతునే, పీపీఎం అంటారు. నీటి విషయంలో అది లీటరుకు ఒక మిల్లీగ్రాము. నీటి పరీక్షల రిపోర్టుల్లో కనిపించే గాఢతలు చాలావరకు ఈ వరసలో ఎక్కడో ఒకచోట కూర్చుంటాయి. ఈ ఆరు గ్లాసులను ఒక కొలబద్దలా గుర్తుపెట్టుకోండి, అధ్యాయమంతా పనికొస్తుంది.

ఆరో గ్లాసులో నిజంగా ఏమీ లేదా? మొదటి గ్లాసులోని 100 మిల్లీగ్రాముల్లో ఉన్న పర్మాంగనేట్ అయాన్లు 38 అంకె పక్కన పందొమ్మిది సున్నాలు పెట్టినన్ని. ఒక్కో గ్లాసుకు ఒక్కో సున్నా కొట్టేయండి. ఆరోదాంట్లోనూ 38 కోట్ల కోట్ల అయాన్లు మిగులుతాయి. ఒక్క అయాన్ కూడా దక్కకపోవచ్చు అనే దశ రావాలంటే ఇరవై గ్లాసులు దాటి పోవాలి. మన కళ్లు అయిదో గ్లాసు దగ్గరే ఆగిపోయాయి.

గాఢత అంటే ఎంత ఉందని కాదు, ఎంతలో ఎంత ఉందని. పిల్లలు తడబడేది ఇక్కడే, పెద్దవాళ్లు కూడా. మొదటి గ్లాసులోంచి ఒక్క చుక్క తీస్తే అందులో దాదాపు 0.05 మిల్లీగ్రాముల పర్మాంగనేట్ ఉంటుంది. అయిదో గ్లాసు మొత్తంలో ఉన్నది 0.01 మిల్లీగ్రామే. ఆ చుక్కలో ఉన్నది ఈ గ్లాసంతటిలో ఉన్నదానికి అయిదు రెట్లు. లక్ష లీటర్ల ట్యాంకులో అయిదో గ్లాసు గాఢతే ఉంచాలన్నా మాత్రం 10 గ్రాములు కావాలి. అది మన మొదటి గ్లాసులో ఉన్నదానికి వంద రెట్లు. చుక్క చిన్నదని దాని గాఢత తగ్గదు. ట్యాంకు నీళ్లు తెల్లగా ఉన్నాయని అందులో పదార్థం తక్కువనీ కాదు.

గోదావరి పొంగినప్పుడు ఈ లెక్క ప్రాణావసరం అవుతుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులు. వరద తీసిన ఊళ్లలో బావుల్లో బురదనీరు చేరుతుంది, బ్లీచింగ్ పౌడర్ చల్లాలి. ఎంత? ప్రజారోగ్యం వాళ్లు చెప్పే మామూలు లెక్క వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. మూడు మీటర్ల వెడల్పున్న గుండ్రటి బావిలో నాలుగు మీటర్ల లోతున నీళ్లున్నాయనుకోండి. అవి సుమారు 28 వేల లీటర్లు. పౌడరు 70 గ్రాములు. చూస్తే గుప్పెడు. మంచి పౌడరులో క్లోరిన్ మూడో వంతు ఉంటుంది కాబట్టి నీటిలో చేరేది 0.8 పీపీఎం. అందులో చాలా భాగం మురికితో చర్య జరిపి ఖర్చయిపోతుంది. చివరికి మనం తాగే నీటిలో కనీసం 0.2 పీపీఎం మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం అడుగుతుంది. మన కొలబద్ద మీద అది నాలుగో గ్లాసుకూ అయిదో గ్లాసుకూ మధ్య. కంటికి కనిపించనంత పలచన. అంత పలచనలోనూ అది కలరా క్రిమిని చంపుతుంది. పైగా బ్లీచింగ్ పౌడరు డబ్బా తేమ తగిలితే క్లోరిన్ పోగొట్టుకుంటుంది, అలాంటిది డబ్బా మీద రాసిన అంకెకు తూగదు. అందుకే పౌడరు తూచి ఊరుకోకుండా, అరగంట ఆగి నీటిని పరీక్షించాలి. తూచింది ఎంతో కాదు, మిగిలింది ఎంతో చూడాలి.

ఓఆర్ఎస్ పొట్లం విషయంలోనూ ఇంతే పట్టుదల కావాలి. లీటరుకని రాసి ఉన్న పొట్లాన్ని ఒక గ్లాసు నీళ్లలో కలిపి, చిక్కగా ఉంటే తొందరగా పనిచేస్తుందని బిడ్డకు పట్టే తల్లులున్నారు. చిక్కటి ద్రావణం పేగుల్లోకి వెళ్తే ఒంట్లోని నీటినే బయటికి లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. లీటరు అంటే లీటరే. ఇది ఊళ్లో ఆశా కార్యకర్త చెప్పినా, బడిలో సైన్సు టీచరు చెప్పినా, ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

కన్ను ఆగిపోయిన చోట నాలుక ఎంత దూరం పోతుంది? దీనికి జవాబు ఖమ్మం మిర్చి యార్డులో ఉంది. మార్చి నెలలో ఆ గేటు దాటగానే తుమ్ములు మొదలవుతాయి. అక్కడ ఎర్రటి కుప్పలుగా కనిపించే తేజ రకం విదేశాలకు, ముఖ్యంగా చైనాకు పోతుంది. దాని ఘాటును వ్యాపారులు ఒక అంకెలో చెబుతారు, డెబ్బై అయిదు వేలు, ఎనభై వేలు, లక్ష అని. ఆ అంకె పుట్టింది మన గ్లాసుల వరసలోంచే. 1912లో అమెరికాలో విల్బర్ స్కోవిల్ అనే ఫార్మసిస్టు మిరప ఘాటును కొలవడానికి దారి వెతికాడు. మిరపలో ఘాటునిచ్చే క్యాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, ఆల్కహాలులో కరుగుతుంది. అందుకని మిరపపొడిని ఆల్కహాలులో నానబెట్టి సారం తీశాడు. దాన్ని చక్కెర నీళ్లతో పలచన చేస్తూ రుచి చూసే అయిదుగురికి ఇచ్చాడు. అయిదుగురిలో ఎక్కువమందికి కారం తెలిసీ తెలియనట్టు ఉండే దశకు రావడానికి ఎన్ని రెట్లు పలచన చేయాల్సి వచ్చిందో ఆ అంకే ఘాటు. ఎనభై వేలంటే ఒక వంతు మిరపను ఎనభై వేల వంతులు చేశాక గానీ నాలుక ఊరుకోలేదన్నమాట.

ఇప్పుడు యంత్రాలు క్యాప్సైసిన్‌ను నేరుగా కొలుస్తున్నాయి. శుద్ధమైన క్యాప్సైసిన్ ఘాటు స్కోవిల్ లెక్కలో కోటీ అరవై లక్షలు. అంటే కోటిన్నరకు పైగా వంతుల్లో ఒక వంతున్నా నాలుక పసిగడుతుంది. కొలబద్ద మీద చూస్తే అయిదో గ్లాసు దాటి. కాగితం మీద పెట్టి పైనుంచి తొంగిచూసిన కన్నుకంటే నాలుక ఒక అడుగు ముందుంది.

ఇప్పుడు ప్రయోగంలోని రెండో భాగం. నా దృష్టిలో అసలు భాగం ఇదే, పాఠ్యపుస్తకాల్లో లేనిదీ ఇదే. ఆరు గ్లాసులనూ ఒక బకెట్‌లో పోయండి. పోసేముందు పిల్లల్ని అడగండి. అన్నీ కలిపేస్తే మొదటి గ్లాసు రంగు తిరిగొస్తుందా?

చాలామంది వస్తుందంటారు. వేసిన స్ఫటికాలు ఎక్కడికీ పోలేదు కదా సార్ అంటారు. మాట నిజమే, 100 మిల్లీగ్రాములూ బకెట్‌లోనే ఉన్నాయి. కానీ నీళ్లు ఇప్పుడు 550 మిల్లీలీటర్లు. గాఢత లీటరుకు 180 మిల్లీగ్రాములు, మొదటి గ్లాసులో ఉన్నదానిలో అయిదో వంతు కూడా లేదు. గిలక్కొట్టినా, రాత్రంతా కదలకుండా ఉంచినా, పొద్దున్నే చూసినా అంతే. పలచన కావడానికి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. ఆ ఊదా దారం దానంతటదే పాకింది. వెనక్కి రమ్మంటే మాత్రం రాదు.

ఎందుకు రాదు? అయాన్లను చెదరగొట్టే శక్తి ఏదీ నీటిలో లేదు. నీటి అణువులు అన్నివైపుల నుంచీ కుమ్ముతుంటే అవి ఎటుపడితే అటు కదులుతాయి, అంతే. అవన్నీ ఒక మూలన పోగుపడే తీరులు కొద్ది. నీళ్లంతటా చెదిరి ఉండే తీరులు లెక్కకు అందనన్ని. గుడ్డిగా తిరిగేవి ఎప్పుడు చూసినా చెదిరే ఉంటాయి. దీన్నే ఎంట్రోపీ పెరగడం అంటారు భౌతికశాస్త్రంలో. దాన్ని వెనక్కి తిప్పాలంటే బయటినుంచి శక్తి పెట్టాలి.

ఎంత పెట్టాలో లెక్క కట్టవచ్చు. పర్మాంగనేట్‌ను కాస్తే పాడవుతుంది కాబట్టి దాని బదులు అంతే ఉప్పు వేశామనుకుందాం. 550 మిల్లీలీటర్లను 100కు తేవాలంటే 450 మిల్లీలీటర్లు ఆవిరి కావాలి. ముందు నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా వేడిచేయాలి, తర్వాత గ్రాము నీటిని ఆవిరి చేయడానికి 2,260 జౌళ్ల చొప్పున పెట్టాలి. మొత్తం కలిపితే యూనిట్ కరెంటులో మూడో వంతు. ఒక్క గ్లాసు పలచబడినందుకు కట్టాల్సిన బిల్లు అది. పలచన చేయడానికి అయింది సిరంజి తోసిన శ్రమ.

ఏజెన్సీ ఊళ్లలో ఈ బిల్లును ఎండ కడుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఇప్పచెట్ల కింద రాలిన పువ్వును కోయ కుటుంబాలు బుట్టలకెత్తి, వాకిట్లో ఆరబోస్తాయి. చెట్టుకింద తెల్లగా, రసంతో ఉబ్బి, నొక్కితే చిట్లేలా ఉన్న పువ్వు కొద్దిరోజుల ఎండకు ముడుచుకుపోయి గోధుమరంగుకు వస్తుంది. నీరు పోయింది, చక్కెర మిగిలింది. చక్కెర అంత చిక్కబడ్డచోట క్రిములు బతకలేవు, వాటి ఒంట్లో నీటిని అదే లాగేస్తుంది. అందుకే ఎండిన పువ్వు నెలల తరబడి నిలవుంటుంది. తేనెటీగ మరో దారి పట్టింది. మకరందాన్ని పట్టులో పోసి, రెక్కలతో గాలి కొట్టి, నీరు అయిదో వంతు కంటే తగ్గేదాకా ఆరబెడుతుంది. గిరిజన సహకార సంస్థ కొనే ఈ రెండు సరుకుల్లోనూ మనం డబ్బిచ్చేది చాలావరకు, వాటిలోంచి నీటిని తీసేసిన పనికే.

ఇదే ప్రాంతంలో, భద్రాచలానికి ఎగువన గోదావరి ఒడ్డున, ఈ పనిని మనిషి చేస్తున్న చోటొకటుంది. అశ్వాపురం దగ్గర, గౌతమీనగర్ కాలనీ పక్కన ఉన్న మణుగూరు భారజల కర్మాగారం. కేంద్ర అణుశక్తి విభాగం కింద భారజల బోర్డు నడిపే ఈ కర్మాగారం 1991లో పని మొదలుపెట్టింది. దాని ముడిసరుకు గోదావరి నీరే. నీటిలోంచి అది తీసేదీ నీటినే.

హైడ్రోజన్ పరమాణువుల్లో దాదాపు ఏడువేలకొకటి రెట్టింపు బరువుతో ఉంటుంది. దాని కేంద్రకంలో ప్రోటాన్‌కు తోడు ఒక న్యూట్రాన్ ఉంటుంది. భారజలంలో మామూలు హైడ్రోజన్ బదులు ఉండే ఈ పరమాణువు పేరు డ్యుటీరియం. 1931లో అమెరికాలో హెరాల్డ్ యూరీ దాన్ని కనిపెట్టిన తీరు మన కథకు చాలా దగ్గర. ద్రవ హైడ్రోజన్‌ను ఆవిరి చేసుకుంటూ పోయి, లీటర్ల కొద్దీ సరుకును అడుగున మిగిలిన కొద్దిపాటికి తెచ్చాక, ఆ మిగిలినదాని వర్ణపటంలో బరువైన పరమాణువు గీత స్పష్టంగా కనిపించింది. కనిపించనిదాన్ని చిక్కబరిచి చూశారు, ఆరో గ్లాసు నుంచి వెనక్కి నడిచారు. 1934లో యూరీకి రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఏడువేలకొకటి అంటే మన కొలబద్ద మీద రెండో గ్లాసు కంటే కొంచెం చిక్కనే. పర్మాంగనేట్ అయితే ముదురు ఊదాగా కనిపించే గాఢత. అయినా కష్టం ఎందుకంటే ఉప్పుకూ నీటికీ ఉన్నంత తేడా మామూలు నీటికీ భారజలానికీ లేదు. భారజలం మరిగేది 101.4 డిగ్రీల దగ్గర. కాచి వేరుచేద్దామంటే రెండూ దాదాపు కలిసే ఆవిరవుతాయి.

మణుగూరులో వాడే ఉపాయం హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు. ఎత్తయిన స్తంభంలో నీరు పైనుంచి కిందికి, వాయువు కిందినుంచి పైకి పోతుంటాయి, మధ్యలో పళ్లేల మీద కలుసుకుంటాయి. కలిసినప్పుడు హైడ్రోజన్‌నూ డ్యుటీరియాన్నీ ఇచ్చిపుచ్చుకుంటాయి. డ్యుటీరియం నీటిలోనే ఉండడానికి మొగ్గుతుంది. 30 డిగ్రీల దగ్గర ఆ మొగ్గు 2.3 రెట్లు, 130 డిగ్రీల దగ్గర 1.8 రెట్లు. కర్మాగారం మొత్తం ఈ రెండు అంకెల మధ్య తేడా మీద నిలబడి ఉంది. వేడి స్తంభంలో వాయువు కాస్త ఎక్కువ డ్యుటీరియాన్ని పట్టుకుని, చల్లటి స్తంభంలో నీటికి అప్పజెబుతుంది. ఒక్కో పళ్లెం మీద జరిగే లాభం ఎంతో కొద్ది. పళ్లెం మీద పళ్లెం, స్తంభం తర్వాత స్తంభం పేర్చుకుంటూ పోవాలి. కొంత గాఢత వచ్చాక మిగతా పని తక్కువ పీడనంలో స్వేదనం చేసి పూర్తిచేస్తారు. చివరికి చేతికొచ్చేది 99.8 శాతానికి తగ్గని భారజలం. ఇదంతా నడిపే ఆవిరి, కరెంటు బొగ్గునుంచి వస్తాయి. మణుగూరు సింగరేణి గనులు పక్కనే.

ఆ వాయువుకూ గాఢత కథ ఉంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ముక్కు ఒక పీపీఎంలో చిన్న భాగం ఉన్నా పట్టేస్తుంది. వంద పీపీఎం దగ్గర, అంటే రెండో గ్లాసు దగ్గర, అది ప్రాణాపాయం. ఆ గాఢతలో ముక్కు మొద్దుబారిపోతుంది, వాసనే తెలియదు. పలచగా ఉన్నప్పుడు హెచ్చరించిన ముక్కు చిక్కబడ్డాక చెప్పలేదు. అక్కడ పనిచేసేవాళ్లు ముక్కును కాక వాయువును కనిపెట్టే పరికరాలను నమ్మాల్సింది అందుకే.

ఒక టన్ను భారజలానికి సరిపడా డ్యుటీరియం దాదాపు 6,000 టన్నుల మామూలు నీటిలో ఉంటుంది. ఉన్నదంతా పిండడం ఈ పద్ధతిలో కుదరదు, అయిదో వంతే చేతికొస్తుంది. కాబట్టి 30 వేల టన్నుల నీటిని స్తంభాల్లో నడిపి ఒక టన్ను తీయాలి. 1986 వరదలో భద్రాచలం దగ్గర సెకనుకు 27 లక్షల ఘనపుటడుగుల నీరు పారింది, అంటే సుమారు 76 వేల టన్నులు. ఆ నీటిలో సెకనుకు పన్నెండు టన్నులకు పైగా భారజలానికి సరిపడా డ్యుటీరియం పోయింది. అంతా పలచగానే సముద్రంలో కలిసింది.

ఇంత ఖర్చెందుకు? గనిలో దొరికే యురేనియంలో తేలిగ్గా చీలే రకం 0.7 శాతమే. దాంతో అణు రియాక్టరు నడపాలంటే రెండు దారులు. యురేనియాన్ని చిక్కబరచాలి, లేదా న్యూట్రాన్లను మింగకుండా నెమ్మదింపజేసే పదార్థం కావాలి. భారజలం ఆ పని చేస్తుంది. రావత్‌భాటా, కైగా, కాక్రపార్ లాంటి అణువిద్యుత్ కేంద్రాల్లో మన దేశం రెండో దారి ఎంచుకుంది. ఎటు పోయినా ఏదో ఒకదాన్ని చిక్కబరచక తప్పదు. మనం యురేనియం బదులు నీటిని చిక్కబరిచాం.

భారజలం రియాక్టరుకు చేరాక కూడా పని ముగియదు. రియాక్టరు భవనంలో కీళ్ల దగ్గర, వాల్వుల దగ్గర భారజలం కొద్దికొద్దిగా ఆవిరై గాలిలో కలుస్తుంది. ఆ గాలిలో మామూలు తేమ ఎలాగూ ఉంటుంది, రెండూ క్షణంలో కలిసిపోతాయి. గాలిని ఆరబెట్టే యంత్రాలు ఆ తేమనంతా పట్టి నీరు చేస్తాయి. అలా దొరికిన దాంట్లో ఒక్క శాతం మామూలు నీరు కలిసినా రియాక్టరుకు పనికిరాదు. దాన్ని పీపాల్లో పట్టి మళ్లీ స్వేదన స్తంభాలకు పంపి, 99.8 శాతం దాటేదాకా చిక్కబరుస్తారు.